ఎనిమిది వందల మీటర్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి మొన్న టీచర్ల సమావేశంలో నా పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా అడిగింది. "అక్కా, ఎప్పుడైనా సమ్మె నోటీసు మీద సంతకం పెట్టమంటే పెట్టాలా, వద్దా?" నలుగురిలో నాకు నోరు పెగలదు. తర్వాత చెప్తానన్నాను. నోటితో చెప్పలేనివి రాసి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టి, ఇదే ఆ తర్వాత. ఆమెలాగే ఈ ఏడాది హాజరు పట్టీలో మొదటి సంతకం పెట్టిన మిగతావాళ్లకి కూడా పనికొస్తే మంచిదే.

నాది చీపురుపల్లి. మొదటి పోస్టింగు మాత్రం నరసన్నపేట నుంచి వంశధార వైపు లోపలికి పోయే దారిలో ఒక చిన్న ఊళ్లో పడింది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, రెండు గదులు, ఒక వరండా, వెనక వంటపాక. ఊళ్లో అద్దెకి గది దొరక్క గెడ్డకి అవతలున్న మండల కేంద్రంలో ఉండేదాన్ని. హైస్కూలు ఉన్నది కూడా అక్కడే. కొండల మీంచి దిగివచ్చి నదిలో కలిసే వాగుని మా వైపు గెడ్డ అంటారు. ఎండాకాలం అందులో మేకలు మేస్తాయి. నేను ఆ ఇసకలో నడిచి, పొలం గట్టెక్కి, పావుగంటలో బడికి చేరేదాన్ని.

బడిలో ముగ్గురం. రెండేళ్లలో రిటైరు కాబోతున్న హెడ్మాస్టరు గారిని అందరూ పెద్ద మాష్టారు అనేవారు. రెండో ఆయన మండలంలో ఉపాధ్యాయ సంఘానికి కార్యదర్శి, కాబట్టి సంఘం మాష్టారు. మనిషి మంచివాడు. కాకపోతే వరండాలో ఇద్దరు పిల్లలు నిలబడినా వాళ్లని సభ అనుకుని మాట్లాడేవారు. మూడోదాన్ని నేను, ప్రొబేషన్ కూడా పూర్తికానిదాన్ని. నా నోరు బ్యాంకు లాకరని, తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలని సంఘం మాష్టారు ఏడిపించేవారు.

పిల్లలకి వండే ఆవిడని నేను అప్ప అనేదాన్ని. అక్కని మేం అలాగే పిలుస్తాం, పిల్లల్ని గుంటలంటాం. పిల్లలకి మాష్టర్లంటే భయం, మాష్టర్లకి అప్పంటే భయం. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను వంటపాకని ఆనుకున్న బియ్యం బస్తాల కొట్టులో దూరి నవలలు చదువుకుంటానని ఆవిడకి ఒక్కర్తికే తెలుసు. గిన్నెలు బోర్లిస్తూ గుమ్మంలోంచి తొంగిచూసి, "ఆ పిల్లకి పెళ్లయ్యిందేటి, నేదేటి?" అని కథానాయిక సంగతి అడిగి పోయేది.

ఇక నా తప్పు సంగతి.

మార్చిలో ఒక రోజు, మధ్యాహ్నం అన్నాల వేళకి ఫోన్లో ఒక ఫారం వచ్చింది. సాయంత్రం అయిదులోపు నింపి పంపాలి. పెద్ద మాష్టారుకి ఫోన్లో అక్షరాలు ఆనవు. అందుకని ఇలాంటివన్నీ నేనే నింపేదాన్ని. దగ్గరలోని హైస్కూలు ఎంత దూరం అని ఒక ప్రశ్న. దారిలో నది గానీ, రైలు పట్టాలు గానీ, జాతీయ రహదారి గానీ అడ్డం ఉన్నాయా అని ఇంకో ప్రశ్న. ఫోన్లో పటం తెరిస్తే అటు హైస్కూలు, ఇటు మా బడి, మధ్య దూరం సున్నా పాయింటు ఎనిమిది కిలోమీటరు అని చూపించింది. ఆ పొద్దున్నే నడిచి వచ్చాను కదా, అంతే ఉంటుంది అనుకున్నాను. అడ్డం ఏమైనా ఉందా అన్నచోట 'లేదు' నొక్కాను. పాదాలకంటిన గెడ్డ ఇసక ఇంకా దులపలేదు. పెద్ద మాష్టారు తన ఫోనుకి వచ్చిన ఓటీపీ చదివి చెప్పి, టీ తాగడానికి వెళ్లారు. అయిదు కాకముందే పంపేశామని ఇద్దరం సంతోషపడ్డాం కూడా.

జూన్‌లో బడులు తెరిచేసరికి మండల ఆఫీసు గోడకి ఒక జాబితా అంటించారు. హైస్కూలుకి కిలోమీటరు లోపలున్న ప్రాథమిక బడుల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూల్లో కలిపేస్తారట. అందులో మా బడి ఉంది. కలిపేస్తే మాకు మిగిలేది ఒకటో తరగతి, రెండో తరగతి కలిపి పదకొండు మంది, ఒక టీచరు. అలా మిగిలిన బడి ఎన్నాళ్లు బతుకుతుందో ఊళ్లో చదువు రానివాళ్లు కూడా చెప్పగలరు. ఎనిమిదేళ్ల పిల్లలు వానాకాలం పొంగే గెడ్డ దాటాలి, లేదా వంతెన మీదుగా చుట్టూ తిరిగి లారీల రోడ్డు వెంట నడవాలి. మగపిల్లల్ని ఎలాగో పంపుతారు. ఆడపిల్లల్ని ఇంట్లో ఉంచేస్తారు.

జాబితాలో మా ఊరి పేరు పక్కన 0.8 అని ఉంది. మిగతావాళ్లకి అది సర్కారు వేసిన అంకె. అది నా వేలు కొట్టిన అంకె అని నాకు తెలుసు. అయిదు రోజులు డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆరో రోజు పెద్ద మాష్టారు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"నన్ను అడక్కుండా వేశావామ్మా?"

"లేదండీ, మీరు పక్కనే ఉన్నారు."

"అయితే ఇద్దరం వేశాం" అన్నారు, కళ్లజోడు పెట్టుకుంటూ.

దూరం తప్పు పడింది, సరిచేయండి అని ఆ రోజే ఉత్తరం రాశారు. వారం తర్వాత ఇంకొకటి. ఫారం గడువు ముగిసింది, ఇప్పుడు మార్చే వీలు లేదని జవాబు వచ్చింది. ఈలోగా చుట్టుపక్కల మండలాల్లోనూ ఇలాంటి బడులు చాలా బయటపడ్డాయి. విలీనం ఆపాలంటూ సంఘాలన్నీ కలిసి సమ్మెకి పిలుపిచ్చాయి.

సంఘం మాష్టారు నోటీసు తెచ్చి బల్ల మీద పెట్టారు. పెద్ద మాష్టారు దాన్ని ముట్టుకోలేదు. తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన ఒక సమ్మె గురించి చెప్పారు. అప్పుడు ఆయన వేరే ఊళ్లో పనిచేసేవారు. నెల పైన బడి మూసేశారు. అడిగినవన్నీ దక్కాయి, మెడలో దండలతో బడికి తిరిగి వెళ్లారు. వెళ్లేసరికి ఐదో తరగతిలో అందరికంటే బాగా చదివే పిల్ల లేదు. బడి ఎలాగూ లేదు కదా అని వాళ్లమ్మ జీడిపిక్కల పనికి పంపేసింది. ఈయన ఇంటికి వెళ్లి ఎంత బతిమాలినా తిరిగి పంపలేదు. జీడి రసానికి ఆ పిల్ల వేళ్లు నల్లబడిపోయాయట.

"ఆ సమ్మెలో మేం గెలిచాం. ఆ పిల్ల ఓడిపోయింది. నేను సంతకం పెట్టను" అన్నారు.

సంఘం మాష్టారు అప్పుడు మాత్రం ఉపన్యాసం ఇవ్వలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదు మాష్టారూ, రెండు ఉత్తరాలు రాశారు, ఏం జరిగింది, అని మెల్లగా అడిగారు. బడి పోయాక మన హాజరు ఎవరికి కావాలి అన్నారు. ఇద్దరూ నా వైపు చూశారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఇప్పటికీ ఆ ఇద్దరిలో ఎవరి మాటా అబద్ధం అనను. కాకపోతే ఆ రోజు నేను మాట్లాడకపోవడానికి కారణం న్యాయం కాదు, ప్రొబేషన్. ఆ సంగతి కూడా డైరీలో రాసి ఉంది, దాచడం దేనికి.

మా మాటలు వంటపాక దాకా వినిపించాయేమో, అప్ప గరిటె పట్టుకునే వచ్చింది. ఏం జరుగుతోందో అడిగి తెలుసుకుంది. తర్వాత గరిటెని పెద్ద మాష్టారు వైపు తిప్పింది.

"మీరు మానీస్తే నాను కూడా వండననుకున్నారేటి? మీరు కూకుంటే కూకోండి మాస్టారూ. బడి మేం సూసుకుంటాం. గుంటల ఆకలి సమ్మె సెయ్యదు."

ఆ సాయంత్రం తల్లులందర్నీ బడి వరండాలోకి పిలిచింది. సగం మంది మా మీద విరుచుకుపడ్డారు. జీతాలున్నవాళ్లు సమ్మె చేస్తే కూలికెళ్లేవాళ్లం పిల్లల్ని ఎక్కడ పెట్టాలని ఒకామె నిలదీసింది. సంఘం మాష్టారు లేచి మొదలుపెట్టబోతే అప్ప ఆయన్ని కూర్చోమంది. ఈ మాష్టర్లు కూర్చునేది మన గుంటల కోసం, మన బడి మనం తెరిచి ఉంచకపోతే సమ్మె అయ్యేసరికి తెరవడానికి బడే ఉండదు, అని తేల్చింది. రోజుకి ఇద్దరు తల్లుల చొప్పున వంతులు వేశారు. ఊడుపులకి మనుషుల్ని కుదిర్చినంత తేలిగ్గా కుదిరిపోయింది. పెద్ద మాష్టారు జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి కాసేపు చేతిలో తిప్పి, అప్పకి ఇచ్చారు. తర్వాత నా దగ్గర పెన్ను అడిగి నోటీసు మీద సంతకం పెట్టారు. ఆయన పెట్టాక నాకూ చెయ్యి ఆడింది. పోయిన రోజులకి సెలవు రోజుల్లో బడి నడపాలని ఒక షరతు పెట్టారు. సంఘం మాష్టారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

ఆ రోజు గెడ్డ దాకా కలిసి నడుస్తున్నప్పుడు అంకె సంగతి సంఘం మాష్టారుకి కూడా చెప్పేశాను. ఆయన ఆగిపోయారు.

"ఆ ముక్క ఇంకెవుల కాడా అనకు తల్లీ. సర్కారు లెక్క తప్పని మనం మైకులో అంటాం. ఆ లెక్క మనదేనని తెలిస్తే ఆ మైకు ఎక్కడ దాచుకోవాలి? నీ ఉద్యోగం కూడా సూసుకోవాలి కదా."

ఆయన నా మేలు కోరే అన్నారు. సరేనన్నాను. ఆ రాత్రి డైరీలో ఆ మాట కూడా రాసుకున్నాను.

మండల కేంద్రంలో హైస్కూలు గేటు ఎదురుగా టెంటు వేశారు. మొదటి రెండు రోజులు నినాదాలతో గడిచాయి. నేనిచ్చే నినాదం నా పెదవులు దాటి బయటికి రావడం లేదని సంఘం మాష్టారు అందరి ముందూ నవ్వించారు. పెద్ద మాష్టారు ఒక మూల కుర్చీ వేసుకుని రెండో తరగతి కాపీ పుస్తకాలు దిద్దుతున్నారు. సమ్మెలో పనిచేయడమేమిటని కేకలేస్తే, "పని కాదయ్యా, ఊరికే కూర్చోలేక" అన్నారు. బడి కబుర్లు ఫోన్లో వస్తూనే ఉన్నాయి. పదో తరగతి దాకా చదివిన కోడలొకామె ఎక్కాలు చెబుతోంది. ఒక ముసలమ్మ కుంచం, అడ్డ, తవ్వ తెచ్చి వరండాలో ధాన్యం కొలిపించి లెక్కలు చేయిస్తోంది. మేం నెల రోజులు చెప్పినా రాని కొలతలు పిల్లలకి ఒక్క పూటలో వచ్చాయట. ఆ మాట విని ముగ్గురికీ సంతోషమేసింది, కొంచెం రోషం కూడా.

మూడో రోజు జిల్లా నుంచి ఒక ఆఫీసరు గారు జీపులో వచ్చారు. ముందు రాత్రంతా కొండల మీద వాన. ఆయన టెంటు ముందు ఆగి, మర్యాదగానే మాట్లాడారు. "మీ సమ్మె మీరు చేసుకోండి. పిల్లల చదువు ఆగకూడదు. ఈ రోజే పిల్లల్ని హైస్కూల్లో చేర్చుకుంటాం. ఎనిమిది వందల మీటర్లే కదా, నేనే నడిచి వెళ్లి తీసుకొస్తాను" అన్నారు. ఎవరూ ఆపలేదు. గొడుగులేసుకుని ఆయన ముందు, మేమంతా వెనక నడిచాం.

గెడ్డ రెండు గట్లూ నిండి పారుతోంది. ఎర్రటి నీళ్లు, మధ్యలో కొట్టుకుపోతున్న తాటిమట్టలు. మేకలు మేసే ఇసక ఎక్కడుందో చెప్పడానికి లేదు. అవతలి గట్టు మీద తల్లులు, వాళ్ల ముందు సంచులు తగిలించుకుని వరసగా పిల్లలు. ఆఫీసరు వచ్చారని ఎవరో కబురు పెట్టారు కాబోలు. నీళ్ల హోరులో మాట వినపడదు. నా ఫోను మోగింది. అప్ప. స్పీకరు పెట్టమంది, పెట్టాను.

"సారుకి సెప్పు టీచరమ్మా. గుంటల్ని ఇప్పుడే అంపించీస్తాం. ముందు ఆయన ఒకపాలి ఇటొచ్చి దారి సూపించమను."

గొడుగుల కింద ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు. ఆఫీసరు గారు చెప్పుల దాకా వచ్చిన నీళ్లని చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. జేబులోంచి కాగితం తీసి చూసుకున్నారు.

"అడ్డం ఏమీ లేదని ఉంది ఇక్కడ. ఈ ఎనిమిది వందలు ఎవరు వేశారు?"

సంఘం మాష్టారు ముందుకి వచ్చి, అది పై నుంచి వచ్చిన పటం లెక్క అనీ, విధానంలోనే లోపం ఉందనీ మొదలుపెట్టారు. వినేవాళ్లు బోలెడంత మంది. కావాలంటే నేను గొడుగు వెనకే ఉండిపోవచ్చు. కానీ అవతల గట్టు మీద వరసలో మూడో పిల్ల నన్ను గుర్తుపట్టి చెయ్యూపుతోంది.

"నేనే వేశాను సార్" అన్నాను.

మూడు రోజుల్లో టెంటు దాటి వినిపించిన నా మొదటి మాట అదే. మార్చిలో గెడ్డ ఎండి ఉందనీ, నడిచి వచ్చిన దూరమే వేశాననీ, తప్పు నాదేననీ చెప్పాను. ఇద్దరం వేశాం అని పెద్ద మాష్టారు వెనక నుంచి సరిదిద్దారు. ఆఫీసరు గారు నన్ను ఎగాదిగా చూసి, ఇలా నీళ్లు రావడం ఏడాదికి ఒకటి రెండు రోజులే అయ్యుంటుంది కదా అని అడిగారు. నా సంచిలో డైరీ ఉంది. ఎక్కడికెళ్లినా ఉంటుంది. గెడ్డ పొంగి చుట్టూ తిరిగి బడికి వెళ్లిన ప్రతి రోజూ అందులో రాసి ఉంది. చూపించబోతే ఆయన, చేతులు తడిగా ఉన్నాయి, మీరే చదవండి అన్నారు.

నా డైరీని అప్పటిదాకా మా అమ్మ కూడా చదవలేదు. పోయిన ఏడాది వానాకాలం పేజీలు తిప్పాను. 'గెడ్డ పొంగింది. వంతెన మీదుగా ఆటోలో వెళ్లాను. ఇరవై నిమిషాలు ఆలస్యం.' 'గెడ్డ తగ్గలేదు. తడిచీరతోనే రెండో తరగతికి పాఠం.' కంగారులో ఎక్కడ ఆపాలో తెలియక ఆ కింది వాక్యం కూడా చదివేశాను. 'సంఘం మాష్టారు పకోడీలు తెచ్చుకుని గోడ వైపు తిరిగి తిన్నారు.' ఈసారి అందరూ నవ్వేశారు. ఆఫీసరు గారు కూడా. సంఘం మాష్టారు మొహం చూడాల్సిందే. పేజీలు లెక్కపెడితే ఒక్క ఏడాదిలో ఇరవై మూడు రోజులు తేలాయి.

జీపెక్కండి అన్నారాయన. పెద్ద మాష్టారు, నేను వెనక కూర్చున్నాం. బయల్దేరేముందు మీటరు అంకె చూసుకొమ్మని డ్రైవరుకి చెప్పారు. బజారు దాటి, లారీల రోడ్డెక్కి, వంతెన మీదుగా తిరిగి మా బడి ముందు ఆగేసరికి డ్రైవరు మూడు కిలోమీటర్ల ఆరు వందలు అని చెప్పాడు. గేటు దగ్గర అప్ప అప్పటికే వచ్చి నిలబడి ఉంది.

"ఎనిమిది వందల మీటర్లకి ఇంతసేపేటి సారూ? అన్నం సల్లారిపోనాది."

ఆయన పిల్లల పక్కన నేల మీద కూర్చుని అన్నం, సాంబారు, గుడ్డు తిన్నారు. ముసలమ్మ కుంచం ముందుకి తోసి, దీనికెన్ని అడ్డలో సెప్పు బాబూ అని అడిగింది. ఆయన చెప్పలేకపోయారు. మూడో తరగతి పిల్ల చెప్పింది. చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని నివేదిక అక్కడే రాశారు. వెళ్తూ నాతో, "తప్పు రాసినందుకు మీకు మెమో ఇవ్వక తప్పదమ్మా" అన్నారు. అలాగే సార్ అన్నాను. అంత గట్టిగా అనగలిగినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

వారం తిరక్కుండా సంఘాలతో చర్చలు జరిగాయి. గెడ్డలు, కాలువలు, పెద్ద రోడ్లు అడ్డమున్న బడులన్నిటికీ దూరం మళ్లీ కొలుస్తామని, అప్పటిదాకా ఏ తరగతీ కదలదని ఒప్పుకున్నారు. సమ్మె ఆగింది. మళ్లీ కొలిచాక మా మండలంలోనే నాలుగు బడులు జాబితాలోంచి బయటపడ్డాయి, మొదటిది మాది. మరుసటి ఏడాది వచ్చిన ఫారంలో 'వానాకాలంలో దారి' అని ఒక కొత్త గడి ఉంది. దాన్ని నింపేటప్పుడు పెద్ద మాష్టారు టీకి వెళ్లలేదు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. సంఘం మాష్టారు పకోడీల పొట్లం విప్పి ముందు నా వైపు జరిపారు. మెమో వచ్చింది, జవాబు రాశాను, ప్రొబేషనూ పూర్తయింది. ఆ మెమో నకలు డైరీలో అతికించుకున్నాను. బహుమతిగా వచ్చిన శాలువా అయితే ఇంత జాగ్రత్తగా దాచేదాన్ని కాదు.

ఆ ఏడాది సెలవు రోజుల్లో పాఠాలు చెప్పి, పోయిన రోజులన్నీ పూడ్చాం. ఆడపిల్లల్లో ఒక్కరూ తగ్గలేదు. పెద్ద మాష్టారు రిటైరయ్యే రోజు హాజరు పట్టీ తెరిచి వాళ్ల పేర్లు పైనుంచి కిందికి ఒకసారి వేలితో చూసుకున్నారు. జీడిపిక్కల పిల్ల గురించి ఆయన మళ్లీ మాట్లాడలేదు.

కాబట్టి చెల్లీ, నువ్వడిగినదానికి నా జవాబు ఇది. సంతకం పెట్టు. ఉత్తరాలు రాసి చూశాకే పెట్టు. నీ తప్పేమైనా ఉంటే ముందు ఒప్పుకుని పెట్టు. బడి తాళం ఊళ్లో ఎవరికి ఇచ్చి వెళ్తున్నావో చూసుకుని మరీ పెట్టు. ఇవ్వడానికి ఎవరూ లేకపోతే మాత్రం, ఇంకొన్నాళ్లు ఆగి ముందు ఆ మనిషిని సంపాదించుకో.

సమ్మె ముగిసి బడికి వెళ్లిన పొద్దున వరండా కడిగి ఉంది, పిల్లలు వరసలో ఉన్నారు. పెద్ద మాష్టారు తాళంచెవుల కోసం చెయ్యి చాపారు. అప్ప కొంగుముడి విప్పి గుత్తి ఇచ్చింది. ఆయన లెక్కపెట్టుకుని, గేటుది లేదే అన్నారు.

"అదొక్కటీ నా కాడుండనీండి మాస్టారూ" అంది అప్ప, వంటపాక వైపు నడుస్తూ. "బడి మీ ఒక్కరిదేటి?"